ఎండా నీడా ఒకే ఫ్రేములో: నెల్లూరు నుంచి భైరవకోన దాకా

శుక్రవారం: రంగనాయకులపేట, పెన్న, చెరువు గట్టు

సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ బస్సులెక్కేశారు, నాకు మాత్రం సెలవులు ఇంకా ఉన్నాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు, తెల్లారుజామున మంచు, తొమ్మిదింటికల్లా ఎండ. ఫోటోలు తీసేవాడికి మన నెల్లూరు జిల్లాలో ఇంతకన్నా మంచి రోజులు దొరకవు, ఏప్రిల్ మే వచ్చిందంటే కెమెరా సంగతి తర్వాత, మనిషే బయట నిలబడలేడు. ఈసారి ఒకటే పని పెట్టుకున్నా, హెచ్‌డీఆర్, అంటే హై డైనమిక్ రేంజ్. ఎండలో ఉండేదీ నీడలో ఉండేదీ రెండూ ఒకే బొమ్మలో కనపడేటట్టు చెయ్యడం. కెమెరాని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి ఒకే సీన్‌ని కొన్నిసార్లు చీకటిగా కొన్నిసార్లు వెలుగ్గా తీసి, ఇంటికొచ్చాక కంప్యూటర్లో కలపాలి. వినడానికి ఇంతే. కానీ మన ఊళ్ళ హెచ్‌డీఆర్ ఫోటోలు ఫోన్లో తిరుగుతుంటాయి చూడండి, పెన్న నీళ్ళు సిరా నీలం, గోపురం చుట్టూ తెల్లటి వెలుగు, వరిపైరు రేడియం పచ్చ, అవి చూస్తే నాకు కళ్ళు మండుతాయి. ఆ గోల లేకుండా ఈ టెక్నిక్‌ని మన ఎండకి ఎట్ట వాడుకోవచ్చో చూద్దామని బయల్దేరా.

కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 200డి, దాంట్లో ఆటో బ్రాకెటింగ్ ఉంది, అంటే వెలుగు మార్చుకుంటా వరసగా అదే తీసుకుంటుంది, మూడు ఫ్రేములే ఇస్తుంది, ఒకటి మామూలుగా, ఒకటి రెండు స్టాపులు తక్కువ, ఒకటి రెండు స్టాపులు ఎక్కువ. స్టాప్ అంటే భయపడాల్సిందేం లేదు, వెలుగు రెట్టింపయితే ఒక స్టాప్ పెరిగినట్టు, సగమయితే ఒక స్టాప్ తగ్గినట్టు, అంతే లెక్క.

ఏడున్నరకి రంగనాయకులపేట చేరా. తల్పగిరి రంగనాథస్వామి గుడి గాలిగోపురం పై అంతస్తులకి ఎండ తగిలింది, కింద వీధి మొత్తం ఇంకా నీడలోనే ఉంది, పూలమ్మేవాళ్ళు పట్టాలు కట్టుకుంటున్నారు, ఒకాయన టీ గ్లాసులు కడుగుతున్నాడు. లెన్స్ రంధ్రం ఎఫ్8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100 పెట్టి కొలిస్తే గోపురానికి షట్టర్ 1/250 సెకను చూపించింది, పట్టాల కింద పూల గంపలకి 1/8. మధ్యలో 5 స్టాపులు, అంటే 32 రెట్లు తేడా. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే చాలామంది కనపడిన ప్రతిదానికీ బ్రాకెటింగ్ కొడతారు, ఈ 5 స్టాపుల తేడాకి నిజంగా అవసరం లేదు, రా ఫైల్, అంటే సెన్సర్ పట్టిందంతా ఉన్నదున్నట్టు ఉండే ఫైల్, ఒక్కటి తీసి ఎండ కాలిపోకుండా చూసుకుంటే నీడలో ఉన్నదంతా తర్వాత పైకి లాగొచ్చు. కొంచెం గ్రెయిన్, ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుంది, రానీ. అయినా పోల్చి చూడ్డానికి రెండు రకాలుగానూ తీసా. ట్రైపాడ్ ఎదురుగా ఉన్న పూలామె కాసేపు చూసి "ఏం నాయనా, ఒక్క ఫోటోని ఎన్ని తూర్లు తీస్తావు, బేరానికి అడ్డంగా నిలబడుకోని" అనింది. పావు కేజీ చేమంతులు కొన్నా, ఆ తర్వాత గమ్మున ఉండింది.

గుడి లోపల అద్దాల మండపం ఉంది, దాన్ని హెచ్‌డీఆర్‌లో తీస్తే ఎట్టుంటుందో అని నాకు ఎప్పట్నుంచో ఆశ, కానీ లోపల కెమెరాకి ఒప్పుకోరు, నేనూ అడగలేదు. దండం పెట్టుకోని బయటకొచ్చేశా.

మధ్యాహ్నం రెండు పూట్ల తిండీ ఒకేసారి తిన్నట్టయింది, చేపల పులుసు గురించి ఈడ మొదలెడితే ఫోటోల సంగతి పక్కకు పోతుంది కాబట్టి వదిలేస్తున్నా.

సాయంత్రం ఐదుకి పెన్న బ్యారేజీ మీదకి పోయా. ఇదీ సంగం బ్యారేజీ రెండూ ఒకే రోజు, 2022 సెప్టెంబర్ 6న ప్రారంభం చేశారు. పెన్న తూర్పుకి పారుతుంది కాబట్టి బ్యారేజీ మీద నిలబడితే పొద్దు ఎగువన, నిండా నిలిచిన నీళ్ళ మీదికి దిగుతుంది, ఈశాన్య రుతుపవనాల వానలు పడిన సంవత్సరం అయితే చూడాల్సిందే. ఇట్టాంటి చోట హెచ్‌డీఆర్ చేసేవాళ్ళు సూర్యుడి బిళ్ళ కూడా గుండ్రంగా, రంగుతో కనపడాలని పట్టుబడతారు. నేను పట్టుబడను. మనం నిలబడి చూసినప్పుడు సూర్యుడి వైపు కళ్ళు పెట్టలేం కదా, ఫోటోలో కూడా ఆ ముక్క తెల్లగా పోతే పోనీ, దాని చుట్టూ ఉన్న కాషాయం, నీళ్ళ మీద మెరుపు, గట్టు మీద బర్రెలు తోలుకొచ్చే మనిషి, ఇవి ఉంటే చాలు. మూడు ఫ్రేములు తీశా, అందులో సూర్యుడు మూడింట్లోనూ తెల్లగానే ఉన్నాడు, అట్టే ఉంచా.

చీకటి పడేటప్పుడు స్వర్ణాల చెరువు దగ్గరికి. బారా షహీద్ దర్గా ఈ చెరువు గట్టునే ఉంది, మొహర్రం నెలలో రొట్టెల పండగప్పుడు ఈ నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని. ఇప్పుడు పండగ లేదు, నీళ్ళు ఊరికే ఉన్నాయి, దర్గా లైట్లు వాటిలో పడుతున్నాయి. పొద్దు మునిగిన తర్వాత ఇరవై నిమిషాలకి ఆకాశం ముదురు నీలం అవుతుంది చూశారా, ఆ టైంలో ఆకాశం వెలుగూ బల్బుల వెలుగూ దగ్గర దగ్గరకొస్తాయి, ఇంకో పావుగంట ఆగితే ఆకాశం నల్లబడి బల్బులు మాత్రమే మిగుల్తాయి. కాబట్టి హెచ్‌డీఆర్‌కి మంచి టైం ఏదంటే అసలు హెచ్‌డీఆర్ తక్కువ అవసరమయ్యే టైమే. ఈడ వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా తెలుపుని బట్టి రంగులు సరిచేసుకునే సెట్టింగ్, ఆటోలో పెట్టకూడదు, ఫ్రేము ఫ్రేముకీ రంగు మారిపోతే కలిపినప్పుడు మరకలొస్తాయి, ఒక చోట కట్టేసుకోవాలి. ఫోకస్ కూడా మాన్యువల్. ఎఫ్ నంబర్ అసలు ముట్టుకోకూడదు, అది మారిస్తే ఎంత లోతు దాకా క్లియర్‌గా ఉండాలో అదే మారిపోతుంది, షట్టర్ ఒక్కటే మారాలి.

శనివారం: మైపాడు, రొయ్యల గుంటలు

మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. వాడే నాలుగున్నరకి బండేసుకోని వచ్చాడు. "ఏంది బావా, ఇంత చలిలో సముద్రం కాడికి ఎవురన్నా పోతారా" అంటా మంకీ క్యాప్ లాక్కున్నాడు. నెల్లూరోళ్ళకి ఇరవై డిగ్రీలొస్తే చలే మరి.

మైపాడు చేరేసరికి తూరుపు ఎర్రబడుతోంది. వేటకి పోయే బోట్లు కొన్ని అప్పటికే లోపలున్నాయి, కొన్ని ఇసుక మీదే ఉన్నాయి, వలలు సర్దుకునేవాళ్ళు ఉన్నారు. ట్రైపాడ్ కాళ్ళు తడి ఇసుకలో కుంగిపోతాయి, అల వచ్చి పోయిన ప్రతిసారీ కెమెరా ఒక వెంట్రుక మందం దిగుతుంది, హెచ్‌డీఆర్‌కి అదొక్కటే చాలు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కూర్చోకుండా పోవడానికి. అందుకే పొడి ఇసుకలోకి జరిగి కాళ్ళు కిందకి గట్టిగా నొక్కి, పైన బ్యాగ్ వేలాడేశా, రెండు సెకన్ల టైమర్ పెట్టా. లెన్సులో ఉండే స్టెబిలైజర్ ట్రైపాడ్ మీద ఆపేసుకోవడం మంచిది, కొన్ని లెన్సులు లేని కదలికని వెతుక్కుంటా వాటంతట అవే కదుల్తాయి.

అసలు సమస్య అలలు. మూడు ఫ్రేములు తీసేలోపు అల ముందుకొచ్చి వెనక్కి పోయుంటుంది, కలిపితే నీళ్ళలో దెయ్యాల మాదిరి నీడలొస్తాయి, దాన్ని గోస్టింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్లు డీగోస్ట్ అని ఒక బటన్ ఇస్తాయి, కదిలిన చోట ఏదో ఒక ఫ్రేమునే తీసుకుంటుంది, అంటే ఆ చోట అది హెచ్‌డీఆరే కాదు. నేను చేసేది ఇంకా సింపుల్, ఆకాశానికి ఒక ఫ్రేము, నీళ్ళకీ ఇసుకకీ ఒక ఫ్రేము, రెండు ముక్కల్నీ హొరైజన్ దగ్గర కలిపేస్తా.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. 1850ల్లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఆయన సముద్రం ఫోటోలు ఇట్టే చేశాడు. అప్పటి కొలోడియన్ ప్లేట్లు, అంటే మందు పూసిన గాజు పలకలు, నీలం వెలుగుకి విపరీతంగా స్పందించేవి, అందుకని సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజర్, అంటే వెలుగు మోతాదు, ఇస్తే ఆకాశం ఉత్త తెల్ల కాగితం అయ్యేది. ఆయన మేఘాలకి వేరే నెగటివ్, సముద్రానికి వేరే నెగటివ్ తీసి ఒకే కాగితం మీద రెండూ ప్రింట్ చేశాడు. నూట డెబ్బై ఏళ్ళ కిందటి మాట. మనోళ్ళు ఎవరన్నా రెండు ఫ్రేములు కలిపిన ఫోటో చూసి "ఇది ఎడిటింగ్, నిజం ఫోటో కాదు" అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఆరున్నర దాటినాక సూర్యుడు పైకొచ్చాడు. మైపాడు తూర్పు తీరం కాబట్టి బోట్లన్నీ మనకి ఎదురెండలోనే ఉంటాయి, ఈ వైపు చెక్క, తాళ్ళు, రాసిన పేర్లు ఏవీ కనపడవు, ఉత్త నల్లటి ఆకారాలు. అప్పుడు వెనకాల ఇసుక ఉంటుంది కదా, దాని మీద పడిన వెలుగు తిరిగి బోటుకి తగుల్తుంది, ప్లస్ రెండు స్టాపుల ఫ్రేములో ఆ వెలుగు బయటపడింది, పసుపూ ఎరుపూ రంగులు, ముందర కట్టిన నిమ్మకాయలు. కలిపేటప్పుడు మాత్రం బోటుని పూర్తిగా వెలుగులోకి లాగలేదు. లాగితే సూర్యుడు వెనకున్నాడో ముందున్నాడో అర్థం కాదు, నాకు తెలిసి హెచ్‌డీఆర్ చెడిపోయేది ఈడే, వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో చూసేవాడికి తెలియకుండా పోతుంది.

తిరిగొచ్చేటప్పుడు దోవలో కారం దోశ తిన్నాం. ఆ ఎర్ర కారం రంగుని ఏ కెమెరా సరిగ్గా పట్టదు, పట్టకపోయినా నష్టం లేదు.

తర్వాత గుంటల కాడికి. నీళ్ళు, గట్లు, పైన పక్షులు రాకుండా కట్టిన తాళ్ళు, మధ్యలో తిరుగుతా నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు. రాత్రంతా ఇవి ఎందుకు తిరుగుతాయంటే నీళ్ళలో ఉండే నాచు పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తీసుకుంటుంది, తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు కరెంటు పోతే రొయ్య పైకి తేలుద్ది, రైతు పడిపోతాడు. ఒకప్పుడు అంతా టైగర్ రొయ్యే, 90ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి ఎంతోమందిని ముంచేసింది, 2009లో వనామీ అనే వేరే రకం రొయ్యకి పర్మిషన్ ఇచ్చినాక మెల్లగా అందరూ దానికి మారిపోయారు. ఇదంతా బావమరిది చెప్పుకుంటా చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు. మోటారు షెడ్డులోంచి ఆ సీన్ బాగుంది, షెడ్డు లోపల చీకటి, గోడకి వేలాడే వైర్లు, మేత సంచులు, తలుపులోంచి తెల్లగా మెరిసే నీళ్ళు. బయట 1/500, లోపల 1/2 సెకను. ఎనిమిది స్టాపులు. ఇది మాత్రం బ్రాకెటింగ్‌కి పుట్టిన సీన్. షట్టర్ చేత్తోనే మార్చుకుంటా ఐదు ఫ్రేములు తీశా, 1/500, 1/125, 1/30, 1/8, 1/2.

"అట్టే కదలకుండా నిలబడుకో" అని వాడికి చెప్పా. వాడు తలుపు దగ్గర ట్రే పట్టుకోని బొమ్మయిపోయాడు, సరిగ్గా ఆఖరి అర సెకను ఫ్రేములో ఫోన్ మోగింది.

అప్పటికప్పుడు లాప్‌టాప్‌లో కలిపి, వాడు అడిగాడని రంగులు కూడా బాగా పైకి లాగి ఒకటి చూపించా. కాసేపు చూసి "ఏంది బావా ఇది, తిరునాళ్ళలో అమ్మే పటం మాదిరి ఉండాది, మన షెడ్డు ఇంత శుభ్రంగా యాడుంది" అన్నాడు. రెండోది చూపించా, నీడలు సగం వదిలేసింది. "ఆ, ఇది మన షెడ్డే" అన్నాడు. నాకు సాఫ్ట్‌వేర్‌లో ఏ స్లైడర్ ఎంత దూరం జరపాలో ఆ మాటతో తెలిసిపోయింది, మిగతా తిరుగుడంతా అదే కొలత పెట్టుకున్నా.

ఆదివారం: ఉదయగిరి

నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి. కారు బావమరిదిదే. సంగం దాకా రెండు పక్కలా నాట్లు పడిన కయ్యలు, ఆత్మకూరు దాటినాక నేల రంగు మారిపోతుంది, మెట్ట చేలు, వేప చెట్లు, దూరంగా కొండ. ఉదయగిరి కొండ ఎత్తు 3079 అడుగులు, ఊళ్ళోంచి తలెత్తి చూస్తే నిలువు గోడగా కనపడుతుంది.

ఈ కోట కోసం కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి చేశాడు, గజపతుల చేతిలోంచి 1514లో తీసుకున్నాడు. ఈడి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి దానికోసమే హంపిలో కృష్ణాలయం కట్టించాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కొండెక్కేటప్పుడు ఈ సంగతి చెబితే బావమరిది "అంటే మనదే, అడిగి తెచ్చుకోవచ్చుగా" అన్నాడు, ఎవర్ని అడగాలో మాత్రం వాడికీ తెలియదు.

ఎక్కుడు కష్టం. రాళ్ళ మెట్లు కొన్ని చోట్ల ఉన్నాయి, కొన్ని చోట్ల లేవు, చెట్లు కమ్మేసిన బురుజులు, విరిగిన గోడలు, నీళ్ళ గుంటలు. నీళ్ళ సీసాలు మనమే మోసుకుపోవాలి, ట్రైపాడ్ బరువు మొదటి అరగంట తెలియదు, తర్వాత తెలుస్తుంది. పైన చిన్న మసీదు, పెద్ద మసీదు అని రెండున్నాయి, గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంవి. ఆ కమానుల కింద నిలబడి బయటకి చూస్తే కింద ఊరు, చెరువు, ఎండలో మెరిసే పొలాలు, లోపల సున్నం రాలిన గోడ. కమాను లోపలి పనితనం కావాలంటే బయట ఊరు తెల్లగా కాలిపోతుంది, ఊరు కావాలంటే కమాను నల్లటి గీత అవుతుంది.

ఈడ ఐదు ఫ్రేములు సరిపోయాయి, కానీ ఈడే హాలో సమస్య కూడా బాగా కనపడుతుంది. చీకటి గోడ అంచు, దాని పక్కనే వెలుగు ఆకాశం, టోన్ మ్యాపింగ్, అంటే కలిపిన వెలుగుల్ని స్క్రీన్‌కి పట్టేటట్టు కుదించడం, చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల వెలుగుని చూసి ఒక్కో చోటిని ఒక్కోలా పైకీ కిందకీ లాగుతుంది, అంచు దగ్గర దానికి లెక్క తప్పి గోడ చుట్టూ తెల్లటి పొగ వస్తుంది. నాకు దీనికి ఫ్యూజన్ పద్ధతే నచ్చింది. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అని ముగ్గురు రాసిన పద్ధతి, అసలు మధ్యలో హెచ్‌డీఆర్ ఫైల్ తయారు చెయ్యకుండానే ప్రతి ఫ్రేములోనూ కాంట్రాస్ట్, రంగు, ఎక్స్‌పోజర్ ఏ చోట బాగుంటే ఆ చోటికి ఎక్కువ వాటా ఇచ్చి కలిపేస్తుంది. ఎన్‌ఫ్యూజ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే. రంగులు గోల పెట్టవు. నా లాంటి పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఫ్యాన్ మాత్రం బాగా అరుస్తుంది.

కింద దిగేసరికి మూడయింది, కాళ్ళు వణుకుతున్నాయి. భోంచేసి చెక్క గంటెలు చేసేవాళ్ళ వీధికి పోయాం. ఉదయగిరి చెక్క స్పూన్లు, ఫోర్కులు, గంటెలకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది, అడవి కట్టె తెచ్చి చేత్తో చెక్కుతారు, పిడి మీద పూల నగిషీ. ఒక పెద్దాయన ఇంటి వరండాలో కూర్చోని పని చేసుకుంటున్నాడు, ముందర గుట్టగా చెక్క పొట్టు, వెనకాల చీకటి గది, పక్క నుంచి సాయంత్రం ఎండ ఒక చారగా ఆయన చేతుల మీదకి. సలాం చెప్పి అడిగా, "తీసుకో బేటా, నేను మాత్రం పని ఆపను" అన్నాడు.

పని ఆపకపోతే బ్రాకెటింగ్ ఎట్ట కుదురుద్ది. చెయ్యి కదుల్తానే ఉంటుంది. అందుకని ఆయన్ని ఒకే ఒక్క ఫ్రేములో తీశా, 1/200, చేతుల మీద ఎండ కాలిపోకుండా. ఆ తర్వాత ఆయన టీ తాగడానికి లేచినప్పుడు, కెమెరా అంగుళం కూడా కదపకుండా, ఖాళీ గదికి ఇంకో మూడు ఫ్రేములు, ఎక్కువెక్కువ ఎక్స్‌పోజర్‌తో. గది, గోడకి తగిలించిన రంపాలు, మూలన కట్టెల కట్టలు వాటిలోంచి వస్తాయి, మనిషి మొదటి దాంట్లోంచి. ఫోన్లలో ఈ పని దానంతట అదే జరిగిపోతుంది, గూగుల్ ఫోన్ల హెచ్‌డీఆర్ ప్లస్ అయితే మొదట్లో వేరే వేరే ఎక్స్‌పోజర్లు తీసేది కాదు, తక్కువ ఎక్స్‌పోజర్ ఉన్న ఫ్రేముల్ని గబగబా చాలా తీసి, కదిలింది సరిచూసుకోని కలిపి గ్రెయిన్ తగ్గించేది. బావమరిది ఫోన్‌తో ఒక్క నొక్కు నొక్కి "నాది అయిపోయింది, నీది ఎప్పటికవుద్ది" అన్నాడు. వాడి ఫోటో నిజంగానే బాగుంది. వెనక గది మాత్రం పగటి వెలుగులో ఉన్నట్టు ఉంది, ఆయన ఎండ చారలో కూర్చోనున్నాడనే సంగతే పోయింది.

రాత్రి ఉదయగిరిలోనే పడుకున్నాం. లాడ్జి సంగతి చెప్పడానికేం లేదు.

సోమవారం: భైరవకోన

ఉదయగిరి నుంచి సీతారామపురం వైపు పోయి జిల్లా దాటితే సి.ఎస్.పురం మండలంలో భైరవకోన, నల్లమల కొండల్లో. రోడ్డు మీద జనం లేరు, మేకల మందలు ఉన్నాయి. ఒకే కొండ రాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు ఈడ వరసగా ఉంటాయి, పల్లవుల పనితనం గుర్తొచ్చే స్తంభాలు, ద్వారపాలకులు. ఎక్కువ గుహలు తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే పోవాలి, ఎండ స్తంభాల మధ్యలోంచి లోపలికి పాకుతుంది, పది దాటితే ముందు భాగం మీద నీడ మొదలవుద్ది.

సోమవారం కాబట్టి జనం కొంచెం ఉన్నారు, కోతులు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. ఒకటి నా లెన్స్ క్యాప్ ఎత్తుకోని పైకి పోయింది, అది ఇంకా ఆడే ఉంటుంది.

పూజారి గారిని అడిగితే "బయట నుంచి, మండపం నుంచి తీసుకో నాయనా, లైటు మాత్రం వెయ్యొద్దు, గర్భగుడిలోకి తిప్పొద్దు" అన్నాడు. నాకూ అదే కావాల్సింది. గుహ మండపంలో వెనక్కి ఆనుకోని కూర్చోని బయటకి కెమెరా పెట్టా. ఎదురుగా కోన, చెట్లు, ఎండ. పక్కన ఇరువైపులా చెక్కిన స్తంభాలు, వాటి కింద నూనె మరకలు, నల్లబడిన రాయి. కొలిచా. బయట 1/500, లోపలి మూల 2 సెకన్లు. 10 స్టాపులు, వెయ్యి రెట్లకి పైన. ఇది కూడా ఎండలో ఉన్న ఆకు ఒకటి, నీడలో ఉన్న రాయి ఒకటి మాత్రమే కొలిచిన లెక్క, ఆకు మీద మెరుపుకీ రాయి పగుళ్ళకీ ఇంకా పైనా కిందా చోటు కావాలి. ఒక్క రా ఫైల్‌తో ఈడ పని జరగదు. రెండేసి స్టాపుల దూరంలో ఆరు ఫ్రేములు: 1/500, 1/125, 1/30, 1/8, 1/2, 2 సెకన్లు. మధ్యలో ఎవరన్నా నడిచొస్తే ఆగాలి, మళ్ళీ మొదట్నుంచి తియ్యాలి, ఎందుకంటే ఎండ కదుల్తానే ఉంటుంది, పది నిమిషాల తర్వాత నీడ వేరే చోట ఉంటుంది.

ఇట్ట తీసిన ఫ్రేముల్లోంచి అసలు వెలుగు కొలతనే వెనక్కి లెక్కగట్టొచ్చని 1997లో డెబెవెక్, మాలిక్ అని ఇద్దరు చూపించారు. ఎక్స్‌పోజర్ ఎంతో మనకి తెలుసు, పిక్సెల్ ఎంత చూపించిందో తెలుసు, అన్ని ఫ్రేముల్నీ పక్కపక్కన పెడితే కెమెరా వెలుగుని ఏ వంపులో రాసుకుంటుందో బయటపడుతుంది, దాంతో బయటి ఆకుకీ లోపలి రాతికీ నిజంగా ఎన్ని రెట్లు తేడానో ఒకే ఫైల్లో ఉంటుంది. అది హెచ్‌డీఆర్. మనం చూసే ఫోటో మాత్రం అది కాదు, మామూలు స్క్రీన్ మీద అంత తేడా పట్టదు, కాబట్టి దాన్ని మళ్ళీ కుదించాలి, ఆ కుదింపుని టోన్ మ్యాపింగ్ అంటారు. జనం తిట్టేదీ, నాకు కళ్ళు మండేదీ ఈ రెండో పనిని చూసే, పాపం పేరు మొదటిదానికి వచ్చింది.

గర్భగుడి వైపు కెమెరా తిప్పలేదు కానీ కళ్ళతో చూశా. దీపం దగ్గర లింగం మీద ఒక పక్క మాత్రమే వెలుగు, మిగతాదంతా నలుపు. పూజారి ఒప్పుకున్నా దాన్ని హెచ్‌డీఆర్ చేసేవాణ్ణి కాదు. ఆ గుహ తొలిచినవాళ్ళు ఆ చీకటి లెక్క వేసుకోకుండా తొలిచుంటారని నేను అనుకోను.

పక్కనే జలపాతం, దాదాపు 200 అడుగుల పైనుంచి. జనవరి కాబట్టి ధార సన్నబడింది, కింద గుండంలో మాత్రం నీళ్ళున్నాయి. రాతికి బ్రాకెటింగ్, నీళ్ళకి 1/4 సెకను ఫ్రేము ఒకటే, మైపాడులో చేసినట్టే. బావమరిది గుండంలో దిగి కేకలు పెట్టాడు, నీళ్ళు ఐసు.

తర్వాత, ఇంట్లో

కార్డులో ఉన్నదంతా హార్డ్ డిస్క్‌లోకి పోయేసరికి అది నిండిపోయింది, ఈ సరదాకి పెట్టాల్సిన ఖర్చుల్లో ఎవరూ ముందు చెప్పనిది ఇదే, ఒక్క బొమ్మకి ఆరు రా ఫైళ్ళు. భైరవకోనది లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెర్జ్ చేశా, మసీదు కమానుది ఎన్‌ఫ్యూజ్‌లో. పెన్న సాయంత్రానిది ఒక్క ఫ్రేమే వాడా, కలిపిందానికన్నా అదే బాగుంది.

గంటెల పెద్దాయన ఫోటోని ప్రింట్ వేయించా. ఈడ ఒక సంగతి, స్క్రీన్ వెనక నుంచి వెలుగిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగునే తిరిగిస్తుంది, కాబట్టి లాప్‌టాప్ బ్రైట్‌నెస్ ఫుల్లులో పెట్టి ఎడిట్ చేస్తే కాగితం మీద నీడలన్నీ మూసుకుపోతాయి. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి నీడల్ని ఇంకో అర స్టాప్ పైకి లాగి, స్టూడియో అబ్బాయికి ఆటో కరెక్షన్ ఆపెయ్యమని రెండుసార్లు చెప్పి, మ్యాట్ పేపర్ మీద 12×18 వేయించా. ఉదయగిరి బస్సు పార్సిల్లో పంపించా.

మూడో రోజు ఆయన ఫోన్ చేశాడు. రంపాలు, కట్టెలు అన్నీ కనపడుతున్నాయన్నాడు, గోడ మీద పెట్టానన్నాడు, ఈసారొచ్చినప్పుడు మనవడితో కలిపి ఇంకోటి తియ్యమన్నాడు. మనవడికి నాలుగేళ్ళు, ఆరోజు వరండాలో పరిగెడుతూ ట్రైపాడ్‌ని రెండుసార్లు తన్నినోడు వాడే. వాడితో ఐదు ఫ్రేములూ పది ఫ్రేములూ జరిగే పని కాదు. ఎనిమిదింటి లోపల, వరండా అంచున, ఒకే రా ఫైల్, 1/500కి తగ్గకుండా.